మూడు టపాలు తీసేశారు: సరదాకు రాసుకునేవాళ్లకు కాపీరైట్ గొడవ ఎంతవరకు?

బెజవాడ_పాతపుస్తకం
వారం తిరక్కుండా మూడు తాఖీదులు. నా బ్లాగు ఇక్కడ చాలామందికి తెలుసు. లెనిన్ సెంటర్‌లో దొరికిన పాత పుస్తకాల గురించి, పాత పాటల గురించి, మన చుట్టుపక్కల గుళ్ల గురించి, గుహల గురించి తీరిక దొరికినప్పుడు రాసుకుంటాను. ఒక్క ప్రకటన లేదు, పైసా రాదు. చదివేవాళ్లలో సగం మంది మా బంధువులే. అయినా బ్లాగు నడిపే కంపెనీ నుంచి వరసగా ఉత్తరాలు: ఫలానావారు ఫిర్యాదు చేశారు, ఫలానా టపా తొలగించాం, ఇలాగే సాగితే ఖాతా మూసేస్తాం.

తీసేసినవి ఇవి. ఒక నవల మీద పెద్ద సమీక్ష. అందులో నవల నుంచి నాలుగు పేరాలు ఉదహరించాను. ఫిర్యాదు చేసింది ప్రచురణకర్తలు. రెండోది 1962 నాటి సినిమా పాట, సాహిత్యం మొత్తం ఎక్కించి కింద నా వ్యాఖ్యానం రాశాను. మూడోది ఉండవల్లి గుహల టపాలో పెట్టిన ఫొటో. వెతికితే దొరికింది, కింద ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అని రాశాను కూడా.

విమర్శ కోసం వాడుకోవచ్చని చట్టమే చెబుతోంది కదా? ఫెయిర్ యూజ్ అంటే ఇదే కదా? నాలాంటివాళ్లకు వర్తించకపోతే అది ఎవరి కోసం రాసినట్టు?

లెనిన్‌సెంటర్_బేరగాడు
ఇంటర్నెట్ గారు ఏ ఊరివారండీ? కనిపిస్తే నేనూ రెండు ఫొటోలు అడుగుతాను.

పాటల_పిచ్చి
రెండోది చదివి కడుపు మండింది. పాత పాటల సాహిత్యం తప్పుల్లేకుండా ఎక్కడైనా ఉందా? కంపెనీలు తమ వీడియోల కింద పెట్టే సాహిత్యంలో అడుగడుగునా తప్పులే. ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ముందు పెట్టుకొని, మాట మాటా సరిచూసి ఎక్కించేది మనలాంటివాళ్లే. వాళ్లు చేయని పని మనం చేస్తే నేరమా?

బ్రోడీపేట_కెమెరా
నేను మూడోదాని గురించే మాట్లాడతాను. ఉండవల్లి మీకు ఎంత దూరం? బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది. ఫోను జేబులో వేసుకొని వెళ్లి మీరే తీసుకోవచ్చు. ఎవరో తెల్లవారకముందే లేచి, వెలుగు కోసం కాచుకొని తీసిన ఫొటో అది. అడక్కుండా తీసుకొని కింద సౌజన్యం అని రాస్తే అడిగినట్టు అవుతుందా? బ్యారేజీ మీద రాత్రి దీపాలు నేను తీసిన ఫొటో ఒకటి ఎన్ని వార్తా సైట్లలో తిరుగుతోందో లెక్కలేదు. మూలన ఉన్న నా పేరు కత్తిరించి మరీ వాడుకున్నారు.

బెజవాడ_పాతపుస్తకం
కెమెరా గారూ, మీ కోపం అర్థమైంది. కానీ నేను దాన్ని అమ్ముకోలేదు కదా.

బ్రోడీపేట_కెమెరా
పక్కింటి మామిడికొమ్మ మన గోడ మీదికి వంగిందని కాయ కోసుకొని, ‘అమ్మలేదు, తిన్నానంతే’ అంటే చెట్టు మనదైపోతుందా?

నల్లకోటు
మూడింటినీ ఒకే గాటన కట్టవద్దు. విడదీసి చూడాలి.

ఫెయిర్ యూజ్ అమెరికా చట్టంలోది. అక్కడ నాలుగు సంగతులు తూచి చూస్తారు: ఎందుకు వాడారు, ఎలాంటి రచన నుంచి తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు, దానివల్ల అసలు రచన అమ్మకానికి దెబ్బ తగులుతుందా. ఏ రకం వాడకానికైనా ఆ వాదన చేసి చూడవచ్చు. మన దగ్గర ఉన్నది ఫెయిర్ డీలింగ్. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో దానికి జాబితా ఉంది: పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల మీద వార్తలు. మీ పని ఈ మూడింటిలో ఒకదాని కిందికి రావాలి. రాకపోతే ఉద్దేశం ఎంత మంచిదైనా ఈ మినహాయింపు దొరకదు.

నవల సమీక్ష సూటిగా జాబితాలోనే ఉంది. పెద్ద వ్యాసంలో నాలుగు పేరాలు, అవీ చర్చించడానికే. మీ పక్షం గట్టిదని నా అభిప్రాయం. పాట విషయంలో బలం తక్కువ. ప్రతి చరణాన్నీ విప్పి చర్చించి ఉంటే ఏదో కొంత వాదించవచ్చు. ఫొటోకు మాత్రం వాదనే లేదు. మీరు ఆ ఫొటోను సమీక్షించలేదు, టపాకు అలంకారంగా పెట్టుకున్నారు.

పైసా రాలేదన్నది శిక్ష దగ్గర పనికొస్తుంది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు అంతకంటే తగ్గించవచ్చు. తగ్గించవచ్చు అనే ఉంది, వదిలేయమని లేదు.

నిజం_నిష్ఠూరం
జైలా! కథలు ఎత్తేసి కోట్లు గడించేవాళ్ల జోలికి ఎవరూ వెళ్లరు. బ్లాగులో పాట రాసుకున్నాయనకు మూడేళ్లా?

నల్లకోటు
బ్లాగులో పాట రాసి జైలుకు వెళ్లినవారిని నేను చూడలేదు. అయితే 63వ సెక్షన్ నేరంలో పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. బెదిరించేవాడు వాడుకునేది దాన్నే. ఇక కథల సంగతి. ఆలోచన మీద కాపీరైట్ ఉండదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కథ ఎత్తినవాళ్లు చాలావరకు ఆ సందులోంచే బయటపడతారు.

తెనాలి_మాస్టారు
అసలు ఆ నవల ఎవరిది? రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే ఈ గొడవే లేదు. మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క. 1915లో పోయిన గురజాడ, 1943లో పోయిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఎప్పుడో అందరి సొత్తు అయ్యారు. 1971లో గుంటూరులో కన్నుమూసిన జాషువాకు 2031 చివరి దాకా గడువుంది. 1976లో పోయిన విశ్వనాథకు 2036 చివరి దాకా. పూర్వం ఇది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రుడి రచనల మీద హక్కు 1991తో తీరిపోబోతుంటే అప్పుడు పదేళ్లు పెంచారు.

పిల్లల కోసం వేమన పద్యాలు ఎక్కించేవారు ఇంకొకటి చూసుకోవాలి. పద్యాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. దాని కింద ఈమధ్య ఎవరో రాసిన తాత్పర్యం మాత్రం రాసినాయనదే. పీఠికలు, టీకలు కూడా అంతే.

పాటల_పిచ్చి
మాస్టారూ, పత్రికల ముఖచిత్రాల సంగతి? పాత సంచికల అట్టలు నా దగ్గర కట్టలుకట్టలుగా ఉన్నాయి.

తెనాలి_మాస్టారు
సంచిక పాతదైనా బొమ్మకు గీసినవారి ఆయుష్షే కొలత. బాపు 2014లో పోయారు, ఆయన బొమ్మలకు 2074 దాకా గడువు. ఎవరు రాశారో తెలియకుండా పేరు లేకుండా అచ్చయిన వ్యాసాలకైతే అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

బెజవాడ_పాతపుస్తకం
నవలా రచయిత పోయింది 1980ల్లో. గడువుంది. అందుకే సమీక్ష అన్న మాటను పట్టుకున్నాను. పాట మాటేమిటి మరి? 1962ది, అరవై ఏళ్లు దాటింది కదా.

నల్లకోటు
రికార్డుకు దాటింది. సౌండ్ రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, కాబట్టి 2022 చివరితో తీరింది. సాహిత్యం వేరు, బాణీ వేరు. రాసినవారు, కట్టినవారు పోయాక మళ్లీ అరవై ఏళ్లు. కవి 1984లో పోయారనుకుంటే 2044 దాకా ఆగాలి.

పాటల_పిచ్చి
అంటే వినిపించవచ్చు, రాయకూడదు. భలే చట్టం.

నల్లకోటు
నలుగురికీ వినిపించినా అందులో సాహిత్యం, బాణీ ఉంటాయి కదా. వాటికి అనుమతి కావాలి.

లెనిన్‌సెంటర్_బేరగాడు
ఈల వేసుకోవచ్చా?

నల్లకోటు
స్నానాలగదిలో.

గోంగూరమ్మ
మీకు టపాలు పోయాయి, నావి ఎత్తుకుపోతున్నారు. గుంటూరు వంటలు రాస్తాను. ఫొటోలు మా వంటింట్లో నేనే తీస్తాను. గోంగూర మీద రాసిన ఒక టపాను యూట్యూబ్‌లో ఒకాయన పొల్లుపోకుండా చదివి వీడియో చేశాడు, నా ఫొటోలే వరసగా తిప్పుతూ. అందులో ‘నాకు నెలలు నిండినప్పుడు మా అమ్మ ఇదే చేసి పెట్టింది’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని కూడా ఆ బొంగురు గొంతుతో ఏమాత్రం తడుముకోకుండా చదివేశాడు.

అడిగితే ‘వంటకు కాపీరైట్ ఏమిటమ్మా, గోంగూర మీ సొంతమా’ అన్నాడు. కింద వ్యాఖ్యల్లో జనం కూడా ఆయన వైపే.

లెనిన్‌సెంటర్_బేరగాడు
పుట్టింది ఆడపిల్లా, మగపిల్లాడా? ఆయన చెప్పాడా?

మంగళగిరి_నేత
గోంగూరమ్మ గారి పరిస్థితే నాదీ. మా ఊరి చీరల అంచుల మీద నేను రాసిన వ్యాసం వాట్సాప్‌లో తిరిగి తిరిగి చివరికి మా ఇంటి గుంపులోకే వచ్చింది. కింద నా పేరు లేదు, ‘సేకరణ’ అని ఉంది. పంపింది మా బాబాయి. ‘నువ్వూ రాస్తావు కదా, ఇలా రాయడం నేర్చుకో’ అని ఒక సలహా కూడా.

నల్లకోటు
మంగళగిరి గారూ, మీ హక్కులు ఎవరికైనా అమ్మేసినా సరే, రాసింది మీరేనని చెప్పుకొనే హక్కు మీతోనే ఉంటుంది. 57వ సెక్షన్. బాబాయికి చూపించండి.

మంగళగిరి_నేత
చూపిస్తే దాన్ని కూడా సేకరణ అని పంపిస్తాడు.

కొండవీటి_చాంతాడు
నా పేరు చూసి దాటేసేవాళ్లు దాటేయండి, ఇది పొడుగే.

గోంగూరమ్మ గారూ, ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. ఏ దినుసు ఎంత, ముందు ఏది వేయించాలి అన్న పద్ధతి మీద ఎవరికీ హక్కు ఉండదు. మీ టపా చదివి తన వంటింట్లో వండి, తన మాటల్లో చెబితే మీరు ఏమీ అనలేరు. కానీ మీ వాక్యాలు మీవి, మీ ఫొటోలు మీవి. మీ అమ్మగారి ముచ్చట దినుసుల పట్టిక కాదు కదా. నమోదు చేయించలేదని వెనుకాడవద్దు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. 500 రూపాయలు కట్టి నమోదు చేయించుకుంటే రేపు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే. యూట్యూబ్‌లోనే ఫిర్యాదు పత్రం ఉంది. వెంటనే తీయించమని అడగవచ్చు, లేదా ఏడు రోజులు గడువిచ్చి ఆయనే తీసుకునేలా చేయవచ్చు. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు, అంటే కాపీరైట్ హెచ్చరికలు, పడితే చానెల్‌కే ముప్పు కాబట్టి చాలామంది మొదటిదానికే దారికొస్తారు.

ఇక పాతపుస్తకం గారు. మీకు వచ్చినవి కోర్టు తాఖీదులు కావు, మీ బ్లాగు కంపెనీ రాసిన ఉత్తరాలు. అది అమెరికా కంపెనీ. అక్కడ 1998లో డీఎంసీఏ అని ఒక చట్టం వచ్చింది. ఫిర్యాదు రాగానే తీసేస్తే కంపెనీ మీదికి బాధ్యత రాదు. అందుకే ఎవరిది న్యాయమో వాళ్లు చూడరు, ముందు తీసేస్తారు. అదే చట్టంలో మీకూ ఒక దారి ఉంది, ప్రతి ఫిర్యాదు, అంటే వాళ్ల ఫిర్యాదుకు మీరు పంపే ఎదురు ఫిర్యాదు. పొరపాటున తీసేశారని నమ్ముతున్నానని ప్రమాణం చేసి రాయాలి. దాన్ని ఫిర్యాదు చేసినవారికి పంపుతారు. వాళ్లు దావా వేసినట్టు చూపకపోతే 10 నుంచి 14 పని దినాల్లో మీ టపా తిరిగి వస్తుంది. ఫిర్యాదు చేసేవాడు అది ఫెయిర్ యూజేమో ముందు ఆలోచించి తీరాలని 2015లో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి చెప్పింది కూడా. వంటింట్లో పాట మోగుతుంటే పసివాడు గంతులేసిన అర నిమిషం వీడియో, దాని మీద ఒక పెద్ద సంగీత కంపెనీ ఫిర్యాదు. ఆ తల్లి కోర్టుకెక్కింది.

మన చట్టం పద్ధతి వేరు. 2013 నిబంధనల ప్రకారం ఫిర్యాదు సరిగ్గా ఉంటే 36 గంటల్లో దాన్ని జనానికి కనిపించకుండా చేయాలి. ఆ తర్వాత ఫిర్యాదు చేసినవారే 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపాలి. తేలేకపోతే తిరిగి పెట్టేయవచ్చు. నన్నడిగితే ఇదే న్యాయంగా ఉంది. ఫిర్యాదు చేయడం సులువే, కోర్టు మెట్లెక్కడం దగ్గరే ఎవరికెంత నమ్మకముందో తెలుస్తుంది.

మీరు సమీక్షకు ప్రతి ఫిర్యాదు పంపండి. మిగతా రెండింటి జోలికి పోవద్దు.

లెనిన్‌సెంటర్_బేరగాడు
చాంతాడు ఈసారి నీళ్లకు అందింది.

నల్లకోటు
చాంతాడు గారు చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. ప్రతి ఫిర్యాదులో మీ అసలు పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. అవన్నీ అవతలివారికి చేరతాయి. అమెరికా బయట ఉండేవారు ఆ కంపెనీ ఉన్నచోటి కోర్టు పరిధికి లోబడతామని కూడా రాయాలి. కృష్ణలంకలో కూర్చొని కాలిఫోర్నియా కోర్టుకు తలూపడం అన్నమాట. పంపవద్దని నేను అనడం లేదు, తెలిసి సంతకం పెట్టమంటున్నాను.

కొండవీటి_చాంతాడు
ఇక్కడి ప్రచురణకర్త విమానం ఎక్కి అక్కడ దావా వేస్తాడా? వేయాలనే పట్టుదల ఉంటే మీరు ప్రతి ఫిర్యాదు పంపినా పంపకపోయినా తను ఉండే ఊరి జిల్లా కోర్టులోనే వేసుకోగలడు. జవాబు రాకపోతే సమీక్షలు తీయించడం వాళ్లకు అలవాటైపోతుంది.

నల్లకోటు
వేయడనే నేనూ అనుకుంటున్నాను. కానీ మారుపేరుతో రాసేవారికి చిరునామా ఇవ్వడం చిన్న విషయం కాదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండి వేరే పేరుతో రాసుకునేవాళ్లు మనలోనే ఎంతమంది ఉన్నారో మీకు తెలియదా?

పటమట_పావని
మధ్యలో వస్తున్నాను. నాకు టపా తీసేయలేదు, ఏకంగా డబ్బు అడుగుతున్నారు. ఒక పండుగ టపాలో పెట్టిన దీపాల ఫొటో తమదని, పాతిక వేలు కట్టాలని, కట్టకపోతే కోర్టుకు వెళతామని ఈమెయిలు. నిద్ర పట్టడం లేదు. కట్టేయనా?

నల్లకోటు
ఆగండి. ముందు ఫొటో తీసేయండి. తర్వాత హక్కు తమదేనని చూపే ఆధారం పంపమని మర్యాదగా రాయండి. ఎవరు తీశారు, వీళ్లకు రాతపూర్వకంగా ఎవరు బదిలీ చేశారు. నిజంగా హక్కుదారులైతే చూపిస్తారు, అప్పుడు మొత్తం గురించి బేరమాడవచ్చు. చాలాసార్లు ఆ అడిగే అంకెకు మామూలు వాడకం ధరకు పొంతనే ఉండదు. హక్కు లేకుండా ఊరికే బెదిరిస్తుంటే 60వ సెక్షన్ ఉంది, అలాంటి బెదిరింపు మీద మీరే కోర్టుకు వెళ్లవచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వకీలు సంతకంతో తాఖీదు వస్తే చూడనట్టు ఊరుకోవద్దు.

బ్రోడీపేట_కెమెరా
బేరమాడమనండి గానీ ఎగ్గొట్టమనకండి. ఆ దీపాలు ఎవరో వెలిగించి తీసినవే.

ఏలూరురోడ్డు_మనవడు
ప్రచురణకర్త అంటే అందరూ రాక్షసుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. మాది తాతల నాటి ప్రచురణ సంస్థ. వెయ్యి ప్రతులు వేస్తే అమ్ముడుపోవడానికి ఏళ్లు పడుతుంది. జనవరి పుస్తక మహోత్సవంలో స్టాలు పెడితే, పుస్తకం తెరిచి కావలసిన పేజీలు ఫోనుతో ఫొటో తీసుకొని వెళ్లిపోయేవాళ్లను కళ్లారా చూశాను. కొత్త పుస్తకం వచ్చీ రాగానే మొత్తం పీడీఎఫ్ వాట్సాప్ గుంపుల్లో. పంపేవాడికి జ్ఞానం పంచుతున్నానన్న తృప్తి, మాకు కాగితం బాకీ.

సమీక్ష మీదైతే నేను ఫిర్యాదు చేయను. సమీక్ష వస్తే నాలుగు ప్రతులు కదులుతాయి. నా అనుమానం, వాళ్లు పీడీఎఫ్‌లు వెతికి తీయించే పని ఎవరికో అప్పగించి ఉంటారు. పుస్తకం పేరు కనిపిస్తే చాలు, తెరిచి చూడకుండా ఫిర్యాదు పడేస్తారు. ప్రచురణకర్తకే నేరుగా ఉత్తరం రాయండి. ఆయన వెనక్కి తీసుకుంటే చిరునామా, కాలిఫోర్నియా ఏవీ అక్కర్లేదు.

నిజం_నిష్ఠూరం
అచ్చులో లేని పుస్తకాల సంగతి చెప్పండి. ముప్ఫై ఏళ్లుగా ఎక్కడా దొరకవు. మీరు వేయరు, ఇంకొకరిని వేయనివ్వరు. ఎవరో ఓపికగా స్కాన్ చేసి పెడితే తాఖీదు. ఆ పీడీఎఫ్ లేకపోతే ఆ పుస్తకం ఉందని కూడా ఎవరికీ తెలియదు.

ఏలూరురోడ్డు_మనవడు
వేయకూడదని ఎవరికుంటుంది? రచయిత పోయాక హక్కులు వారసులవి. ఒకరు హైదరాబాదు, ఇద్దరు అమెరికా, నాలుగో ఆయనకు మిగతా ముగ్గురితో మాటల్లేవు. సంతకం ఎవరితో పెట్టించాలి? రాతలో లేనిదే హక్కు బదిలీ కాదు. రాతలో ఉన్నా ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లే అని లెక్క. ఇలాంటి పుస్తకాలు మా బీరువాలోనే చాలా ఉన్నాయి.

తెనాలి_మాస్టారు
దీనికి చట్టంలో చిన్న వెసులుబాటు ఉంది, ఎవరూ వాడుకోరు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల వరకు తీసి ఉంచుకోవచ్చు. పీడీఎఫ్ చేసి ఊరంతా పంచమని కాదు. ఆ పుస్తకం చెదలకు పోకుండా మిగులుతుంది. మన గ్రంథాలయాల్లో అడిగితే ‘పైనుంచి ఉత్తర్వు రావాలి’ అంటారు.

నిజం_నిష్ఠూరం
పైనుంచి వచ్చేది వాన ఒక్కటే మాస్టారూ. అదీ పుస్తకాల మీదే పడుతోంది.

పాటల_పిచ్చి
నల్లకోటు గారూ, నాలుగు పాదాల లోపు వాడితే తప్పులేదని, పది శాతం దాటకపోతే ఏమీ కాదని విన్నాను. నిజమేనా?

నల్లకోటు
అలాంటి కొలత చట్టంలో ఎక్కడా లేదు. ఒక మలయాళ నాటకానికి జవాబుగా ఇంకొకరు రాసిన ప్రతినాటకం మీద 1996లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఎంత తీసుకున్నారు, దాని విలువ ఎంత. ఏ పనికి తీసుకున్నారు. అసలుదానికి పోటీ అవుతుందా. ఈ మూడూ చూడమంది. విమర్శ కోసమే కాబట్టి ప్రతినాటకాన్ని ఆపలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టు, ఒక టీవీ కార్యక్రమంలో గాయని పాడిన పాటల ముక్కలు చట్టం పట్టించుకోనంత స్వల్పమని చెప్పింది. అలాగని రెండు పాదాలు ఎప్పుడూ క్షేమం అనలేను. కొన్ని పాటలకు ఆ రెండు పాదాలే ప్రాణం.

మీ టపాలోంచి అరువు తెచ్చుకున్నదంతా తీసేసి చూడండి. మిగిలినది చదవదగ్గట్టు ఉంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉన్నట్టే. ఇది చట్టంలో ఉన్నది కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది.

పాటల_పిచ్చి
నా బ్లాగులో తీసేస్తే ‘ఆహా’, ‘ఓహో’ మిగులుతాయి.

బ్రోడీపేట_కెమెరా
నల్లకోటు గారూ, నాదీ ఒకటి చెప్పండి. నేను తీసిన పెళ్లి ఫొటోను ఒక చీరల దుకాణం ప్రకటనలో వేసుకుంది. పెళ్లికూతురి తరఫువాళ్లే ఇచ్చారట. దుకాణానికి తాఖీదు పంపవచ్చా?

నల్లకోటు
పెళ్లివారితో ఒప్పందం ఏమని రాసుకున్నారు?

బ్రోడీపేట_కెమెరా
ఒప్పందమా? అడ్వాన్సు తీసుకొని తేదీ రాసుకున్నాం.

నల్లకోటు
అయితే కష్టమే. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. మీ అంతట మీరు తీసిన బ్యారేజీ ఫొటో మీది. పెళ్లి ఫొటో పెళ్లివారిది.

బ్రోడీపేట_కెమెరా
కెమెరా నాది, నొక్కింది నేను, రాత్రంతా నిద్ర మానుకున్నది నేను!

లెనిన్‌సెంటర్_బేరగాడు
భోజనం వాళ్లది.

బెజవాడ_పాతపుస్తకం
ఆలస్యంగా రాస్తున్నాను. మనవడు గారు చెప్పినట్టే ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఫిర్యాదు వేరేవాళ్లు చూసుకుంటారని, సమీక్ష తాము చదవలేదని, నాలుగు పేరాలను రెండుకు తగ్గిస్తే వెనక్కి తీసుకుంటామని. ఏం చేయమంటారు?

ఏలూరురోడ్డు_మనవడు
తగ్గించండి. పని అయిపోతుంది. రేపు ఇంకో పుస్తకం సమీక్షకు ఆయనే పంపిస్తాడు.

కొండవీటి_చాంతాడు
తగ్గించవద్దు. చదవకుండా ఫిర్యాదు చేసినవాళ్లు ఇప్పుడు ఎన్ని పేరాలు ఉండాలో చెబుతారా? ఆ నాలుగింటిలో ఏ రెండు తీస్తే మీ విమర్శ నిలబడుతుంది?

బెజవాడ_పాతపుస్తకం
ఏదీ తీయలేను. మూడో పేరాలోనే రచయిత మాట మార్చాడని నా ఆరోపణ. అది చూపకుండా అంటే నిందే అవుతుంది. తగ్గించనని రాశాను, ప్రతి ఫిర్యాదు కూడా పంపాను. చిరునామా ఇవ్వడానికి నాకు ఇబ్బంది లేదు, రాసేది ఎలాగూ సొంత పేరుతోనే. కాలిఫోర్నియా పిలిస్తే కృష్ణా పుష్కరాల దాకా తీరిక లేదంటాను.

పాట టపాలో పల్లవి ఉంచి, చరణాల బదులు వ్యాఖ్యానం పెంచాను. పాట వినాలంటే కంపెనీ వాళ్ల వీడియోకే లింకు. అయినా ఈ పాటలను తప్పుల్లేకుండా రాసిపెట్టే పని ఎవరిదన్న పాటల_పిచ్చి గారి ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. నేను దాన్ని వదలను.

ఉండవల్లి వెళ్లి ఫొటోలు నేనే తీశాను. కెమెరా గారు చూసి చెప్పాలి.

బ్రోడీపేట_కెమెరా
చూశాను. గుహ ఎడమకు ఒరిగింది. అయినా ఆ ఒరుగు మీదే, ఎవరూ ఎత్తుకుపోరు.

పటమట_పావని
ఆధారం అడిగాను నల్లకోటు గారూ. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నల్లకోటు
ఆ ఈమెయిలు చెరిపేయవద్దు, మీ జవాబు కూడా. మళ్లీ వస్తే అప్పుడు చూద్దాం.

గోంగూరమ్మ
నా సంగతీ చెబుతాను. చాంతాడు గారు చెప్పినట్టు యూట్యూబ్‌లో ఏడు రోజుల గడువిచ్చి ఫిర్యాదు చేశాను. ఆయనే తీసేశాడు. సంతోషించేలోపే ఇంకో చానెల్‌లో మళ్లీ అదే వీడియో. ఫొటోలు కుడిఎడమలు తిప్పేశాడు. గొంతు ఆయనది కాదు, ఏదో యంత్రానిది. వాక్యం కూడా దిద్దాడు: ‘మా ఆవిడకు నెలలు నిండినప్పుడు మా అత్తగారు ఇదే చేసి పెట్టింది.’

నల్లకోటు
తిప్పినా ఆ ఫొటోలు మీవే. ఒక మాట మార్చినంత మాత్రాన మిగతా వాక్యాలు ఆయనవి కావు. కెమెరాలోని అసలు ఫైళ్లు, తీసిన తేదీలతో సహా పక్కన పెట్టుకొని మళ్లీ ఫిర్యాదు చేయండి.

గోంగూరమ్మ
చేసేశాను. ఈసారి గడువు ఇవ్వలేదు.